ఆదివారం ఉడకని గింజలు

తాగునీళ్ల కుండ మీద మూతగా పెట్టిన పింగాణీ పళ్లెం నిండా పాదరసం చుక్కలు పట్టి ఉన్నాయి.

మింజా మొదట చెమ్మ అనుకుంది. చర్చి నుంచి అప్పుడే వచ్చింది, ఇంకా చెప్పులు కూడా విప్పలేదు. పక్కన నాలుగేళ్ల కబూలా రెండు చేతులతో కప్పు పట్టుకుని "అమ్మా, నీళ్లు" అంటూ నిలబడింది. కప్పు వణుకుతోంది. మూడు నెలలుగా ఆ చేతుల్లో ఏ కప్పు పెట్టినా వణుకుతూనే ఉంది. మింజా పళ్లెం ఎత్తింది. చెమ్మయితే కారాలి. ఇవి కారలేదు, దొర్లాయి. ఒకదానికొకటి తగిలి కలిసిపోయి, పెద్ద బొట్లయి, పళ్లెం అంచు దాకా పరుగెత్తి ఆగాయి.

పదకొండేళ్లుగా ఆమె ఫిజిక్సు చెబుతోంది. మామూలు వేడిలో కూడా ద్రవంగా ఉండే లోహం ఇది అని బోర్డు మీద ఎన్నిసార్లు రాసిందో లెక్కలేదు. కానీ బోర్డు మీద రాసేటప్పుడు అది గాజు గొట్టంలో ఉంటుంది. పిల్ల తాగే నీళ్ల మీద ఉండదు.

పిల్ల చేతిలో కప్పు లాగేసింది. చంకనెత్తుకుని పెరట్లోకి పరుగెత్తింది.

"అమ్మా, నేను ఒలకబొయ్యలేదు," అంది కబూలా ఏడుపు గొంతుతో. "ఒట్టు. ఇవాళ ఒక్క చుక్క కూడా ఒలకబొయ్యలేదు."

మూడు నెలలుగా ఆ పిల్ల నోట ముందుగా వచ్చే మాట అది. నీళ్లు ఒలికినప్పుడల్లా, జావ చొక్కా మీద పడినప్పుడల్లా, ఇంట్లో ఎవరో ఒకరు అరుస్తూనే ఉన్నారు. మింజా కంచె దాటి సవేరియా ఇంటి గుమ్మం ఎక్కింది. సవేరియా అదే బడిలో లెక్కలు చెబుతుంది.

"సాయంత్రం దాకా దీన్ని నీ దగ్గర ఉంచుకో. మా ఇంటి నీళ్లు, మా ఇంటి తిండి ఏవీ పెట్టకు. నువ్వు పెట్టిందే తినాలి."

"ఏమైందే? మొహం అలా ఉందేం? మళ్లీ గొడవా?"

"గొడవ కాదు. ముందు తేలనీ, తర్వాత చెబుతాను."

ఇంటికి తిరిగొస్తూ మింజా చేసిన మొదటి పని, తనను తాను అనుమానించుకోవడం. ఆ అలవాటు ఆమెకు ఇంట్లోనే అబ్బింది. మూడు నెలల కిందట బడి ల్యాబులో థర్మామీటరు పగిలింది. కాగితంతో ఎత్తి సీసాలో వేసింది తనే. ఒంటికి చుట్టుకున్న కంగా గుడ్డ మడతల్లో ఓ బొట్టు అంటుకుని వచ్చిందేమో. గోళ్లలో ఇరుక్కుందేమో. అంటే పిల్ల చేతులు వణికించింది తన ఉద్యోగమేనేమో. అత్తగారు హోలో అన్నది నిజమేనేమో.

ఆ ఆలోచన వచ్చిందో లేదో, ఆవిడ గొంతు చెవిలో మోగింది. "కన్నతల్లి ఇంట్లో లేకపోతే పిల్లలకు గాలి సోకుతుంది. నేను ఏడుగుర్ని కన్నాను, ఒక్కదానికి చెయ్యి వణికిందా?" వెనకాలే మొగుడు లుగోలా గొంతు. మేకులు, రేకులు, పారలు అమ్మే షాపులో బేరాలాడి బేరాలాడి మెత్తబడిన గొంతు. "నేనేమీ బలవంతం చెయ్యట్లేదు. ఉద్యోగమా, పిల్లా, నువ్వే తేల్చుకో." తేల్చుకోమన్న మనిషే ఉత్తరం కూడా రాసిపెట్టాడు. మందపాటి తెల్ల కాగితం మీద, కుదురైన అక్షరాలతో, హెడ్మాస్టరు గారి పేర. కుటుంబ కారణాల వల్ల ఉద్యోగం మానుకుంటున్నాను, మన్నించగలరు. "అంతా నేనే రాశాను, నీకు శ్రమ లేకుండా. నీది సంతకం ఒక్కటే. సోమవారం ఇచ్చెయ్." ఆ సోమవారం రేపే.

శ్రమ లేకుండా అట. కోడి కూయకముందే లేచి, బోరింగు దగ్గర వరసలో నిలబడి రెండు బిందెలు మోసుకొచ్చి, కుండ కడిగి నింపి, జావ కాచి, అత్తగారి మోకాళ్లకు నూనె రాసి, పిల్లకు స్నానం పోసి, నలభై నిమిషాలు నడిచి బడికెళ్లి, డెబ్బై మందికి పాఠం చెప్పి, మళ్లీ నడిచొచ్చి, బొగ్గులు రాజేసి, మొక్కజొన్న పిండితో ఉగాలి ముద్ద కలిపి, చేపలు వేయించి, గిన్నెలు తోమి, దీపం ముందు పిల్లల పరీక్ష కాగితాలు దిద్దే మనిషికి, ఒక ఉత్తరం రాసే శ్రమ తప్పించాడట. ఆ మాట అన్నప్పుడు తను ఏమంది? "థాంక్స్" అంది. ఇప్పుడు గుర్తొస్తే చెంప మీద ఎవరో కొట్టినట్టు ఉంది.

గడప దగ్గర ఆగింది. చాలు. ముందు లెక్క చూడాలి, తర్వాత ఏడవాలి.

పగిలిన థర్మామీటరులో పాదరసం ఎంత? బఠాణీ గింజలో సగం ఉండదు. అదంతా బడి సీసాలోనే ఉంది, తనే మూత బిగించింది. పళ్లెం మీద ఉన్నది అంతకు పదింతలు. పైగా ఎవరో ఒంపినట్టు ఒకచోట లేదు. పొద్దున గడ్డి మీద మంచు పట్టినట్టు, సన్నగా, అంతటా పరుచుకుని ఉంది. ఒంపితే అలా పట్టదు. ఆవిరై గాల్లోకి లేచి, మళ్లీ చల్లబడితేనే అలా పడుతుంది.

తలుపు బార్లా తీసింది. కిటికీ రెక్క తోసింది. కంగా కొంగు ముక్కుకు బిగించి కట్టుకుని, గాలి ఆడేదాకా బయటే నిలబడి లోపలికి చూసింది. చిన్న వంటిల్లు. మట్టి గోడలు, పైన రేకు. మిట్టమధ్యాహ్నం ఎండకు ఆ రేకు అట్లపెనంలా కాలుతోంది. గది మొత్తంలో చల్లటి వస్తువు ఒక్కటే, నీళ్ల కుండ. మట్టి కుండ ఒంటి నిండా నీరు ఊరుతుంది, ఊరిన నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది. అందుకే న్యాలువా ఊళ్లో మింజా ఇంటి నీళ్లంత చల్లగా ఇంకెవరింటి నీళ్లూ ఉండవని పేరు. గాల్లో తిరిగే ఆవిరికి వాలడానికి అంతకంటే మంచి చోటు ఏముంటుంది?

పోయిన నెల ఫారం టూ క్లాసులో ఓ పిల్ల లేచి అడిగింది. "టీచర్, ఆరేసిన గుడ్డ పొడిగా అయిపోయిందంటే అందులో నీళ్లు చచ్చిపోయినట్టేగా?" క్లాసంతా గొల్లుమంది. మింజా నవ్వలేదు. "చావలేదమ్మా. గట్టిగా ఉన్నప్పుడు ఆ కణాలు భుజం భుజం కలిపి నిలబడతాయి. ద్రవమైనప్పుడు సంతలో జనంలా తోసుకుంటూ తిరుగుతాయి. బాగా వేడి తగిలితే ఒకదాని చెయ్యి ఒకటి వదిలేసి గదంతా పరుగెడతాయి. మన కంటికి కనబడవు, అంతే. చల్లటి చోటు దొరికితే మళ్లీ చేతులు కలుపుతాయి. లేకుండా మాత్రం పోవు," అని చెప్పింది.

లేకుండా పోవు. కానీ ఈ ఊళ్లో అందరూ "పోయింది" అనే అంటారు. బంగారం కోసం గుంటల్లో తవ్విన మట్టిలో పాదరసం కలుపుతారు. అది బంగారాన్ని పట్టుకుని తెల్లటి ముద్దవుతుంది. ముద్దను గుడ్డలో పిండి, పార మీద పెట్టి, బొగ్గుల మీద కాలుస్తారు. కాసేపటికి పసుపు రంగు బంగారం మిగులుతుంది. పాదరసం ఏమైందంటే, పోయింది. ఎక్కడికి పోయిందని అడిగేవాళ్లు లేరు. తను తోమిన గిన్నెలూ, మోసిన నీళ్లూ, కాచిన జావా కూడా ఈ ఇంట్లో అలాగే పోయాయి. మిగిలిన బంగారం మాత్రమే జనానికి కనబడుతుంది.

ఎవరో ఈ వంటింట్లో ముద్ద కాల్చారు. ఎవరు? ఎప్పుడు?

మింజా కుంపటి దగ్గర గొంతుక్కూర్చుంది. ఆదివారం పొద్దున డబ్బా నిండా బొగ్గు కొలిచి కుంపట్లో పోసి, రాజేసి, దాని మీద చిక్కుడు గింజల కుండ పెట్టి చర్చికి వెళ్లడం ఏళ్ల నాటి అలవాటు. పాటలూ ప్రసంగమూ అయ్యేసరికి మూడున్నర గంటలు. వచ్చేసరికి గింజలు వెన్నలా అయిపోవాలి. కానీ ఆరు నెలలుగా కావడం లేదు. మిగతా రోజుల్లో అవుతాయి. అవే గింజలు, అదే కుండ, అదే డబ్బా. ఆదివారం ఒక్కరోజే రాళ్లలా ఉంటాయి. ఆరు నెలలుగా ఆదివారం భోజనం దగ్గర ఒకటే పాట. "ఫిజిక్సు టీచరుకు గింజలు ఉడికించడం రాదు." చుట్టాల ముందు, పాస్టరు గారి ముందు, చివరికి షాపు కూలీల ముందు. ఆమె కూడా నవ్వేది. నవ్వి, సోమవారం గింజలు మార్చేది, మంగళవారం రాత్రంతా నానబెట్టి చూసేది, బొగ్గులు అమ్మిన మనిషితో దెబ్బలాడేది. తప్పు తనదేనని వెతికి వెతికి చూసింది. తను చెప్పే పాఠం మాత్రం తన వంటింటికి ఒక్కసారీ తెచ్చుకోలేదు.

ఇప్పుడు తెచ్చుకుంది. కుంపట్లో బొగ్గంతా తెల్లటి బూడిదైంది. అంటే వేడి అంతా బయటికొచ్చింది. కుండ మూత తీసింది. నీళ్లు పొద్దున పోసిన చోటే, కుండ మెడ మీది గీత దగ్గరే ఉన్నాయి. వేలెడు కూడా తగ్గలేదు. కుండ గోరువెచ్చగా ఉంది. డబ్బాడు బొగ్గు కాలింది, గింజలకు తగల్లేదు, నీళ్లకు తగల్లేదు. మరి ఆ వేడి ఎక్కడికి పోయింది?

నేల మీద చూసింది. కుంపటికి జానెడు దూరంలో, అలికిన మట్టి మీద, గుండ్రటి మసి మరక. కుండ అడుగు సైజు. దాని కింద పాత మరకలు, ఒకదాని మీద ఒకటి.

కుండ దింపి పక్కన పెట్టారు. పని అయ్యాక మళ్లీ ఎక్కించారు. ఆరు నెలలుగా ప్రతి ఆదివారం.

ఆదివారం అత్తగారు తనతోనే చర్చికి వస్తుంది, ఇవాళ ఇంకా అక్కడే ఆగి కబుర్లాడుతోంది. పిల్ల తన వీపు మీద ఉంటుంది. ఇంట్లో ఉండేది ఒక్కడే. "మీరెళ్లి రండి, నా కోసం కూడా ప్రార్థన చెయ్యండి, నాకు సరుకు వచ్చే రోజు," అనే మనిషి. వంటింటి వెనక గోడకు ఒక పిడి లేని పార ఎప్పుడూ ఆనించి ఉంటుంది. షాపు సామాను కాబోలు అనుకునేది. వెళ్లి తిప్పి చూసింది. కొత్త పార. ఒక్కసారి మట్టిలో దిగిన గుర్తు లేదు. నడిమధ్యలో మాత్రం అరచేతి వెడల్పున తెల్లగా కాలిపోయి ఉంది.

అంత కోపం ఆమె ఒంట్లో ఎన్నడూ పుట్టలేదు.

పళ్లెం మీద చుక్కల్ని ఎత్తడానికి గట్టి కాగితం కావాలి. బల్ల మీద ఉంది, సంతకం కోసం ఎదురుచూస్తూ. మందపాటి తెల్ల కాగితం. దాన్ని మధ్యకు మడిచింది. కుటుంబ కారణాల వల్ల అన్న వాక్యం మీదుగా చుక్కలన్నిట్నీ దొర్లించి, గాజు సీసాలోకి దించి, పైన నీళ్లు పోసి మూత బిగించింది. కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలో వేసి ముడేసింది.

భోజనం పెరట్లో, బొప్పాయి చెట్టు నీడన పెట్టింది. సవేరియా దగ్గర తెచ్చిన ఉగాలి, సవేరియా ఇంటి నీళ్లు. మధ్యలో ఉడకని గింజల గిన్నె.

లుగోలా నీళ్ల సీసా పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ఈ మధ్య ఎక్కడికెళ్లినా షాపులో కొన్న సీసా వెంట ఉంటుంది. గొప్ప కోసం అనుకునేది మింజా. అతను గిన్నెలో రెండు గింజలు ఏరి నోట్లో వేసుకున్నాడు, పటుక్కుమన్నాయి.

"ఇదిగో, మొదలైంది," అన్నాడు తల్లి వైపు కన్నుగీటి. "అమ్మా, పళ్లు జాగ్రత్త. టీచరమ్మ ఈ వారం కూడా గులకరాళ్లే వండింది."

"బడిలో నీళ్లెలా మరుగుతాయో చెబుతుందట," అంది హోలో ముద్ద కలుపుతూ. "ఇంట్లో మాత్రం మరగవు. రేపటి నుంచి ఇంట్లోనే ఉంటుందిగా, నేర్చుకుంటుందిలే. పిల్లేదే?"

"సవేరియా ఇంట్లో ఉంది అత్తయ్యా. ఈ ఇంటికి ఇక రాదు."

"ఏం మాటే అది!"

మింజా చాప మీద పాదరసం సీసా పెట్టింది. పక్కన పార పెట్టింది. లుగోలా నములుతున్న నోరు ఆగిపోయింది.

"కబూలా నాన్నా, ఇది మన నీళ్ల కుండ మీద పళ్లెంలో దొరికింది."

ఒక్క క్షణం. అంతే పట్టింది అతనికి తేరుకోవడానికి. "బడి నుంచి తెచ్చుంటావు. ఆ రోజు థర్మామీటరు పగిలిందని నువ్వే చెప్పావుగా. చూశావా అమ్మా? పిల్లకు జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిందా?"

"నేను చెబుతూనే ఉన్నాను!" హోలో చేతిలో ముద్ద జారి చాప మీద పడింది. "ఆ బడి మానమని చెబుతూనే ఉన్నాను! మందూ మాకూ అని ఏవేవో ముట్టుకుని అదే చేత్తో పిల్లకు..."

"నేనూ ముందు అదే అనుకున్నాను అత్తయ్యా. మీకంటే ముందు నన్ను నేనే తిట్టుకున్నాను." మింజా గొంతు పెంచలేదు. "బడిలో పగిలింది బఠాణీలో సగం. ఇది చూడండి. ఇంత చిన్న సీసా ఇనప గుండులా బరువుంది. ఇంకో సంగతి. పొద్దున నేను డబ్బా నిండా బొగ్గు పోశాను. మీరే చూశారు, ఎక్కువ పోస్తున్నానని గొణిగారు కూడా. అంతా బూడిదైంది. గింజలు మాత్రం ఉడకలేదు, కుండలో నీళ్లు తగ్గలేదు. ఆ వేడితో ఎవరు ఏం వండుకున్నారు?"

"ఓయబ్బో, పాఠం మొదలెట్టింది," అన్నాడు లుగోలా. నవ్వబోయాడు, అది మొహం మీద నిలవలేదు. "భోజనం దగ్గర కూడా క్లాసేనా?"

"క్లాసే. మీరు ఆరు నెలలుగా నన్ను అడుగుతున్న ప్రశ్నకు జవాబు చెబుతున్నాను. గింజలు ఎందుకు ఉడకవు అని. కుండ దింపేస్తే ఉడకవు. దింపిన మరక నేల మీద ఉంది. ఆ నిప్పు మీద పెట్టింది ఈ పార."

"షాపులో పారలు వంద ఉన్నాయి."

"నడుము కాలినవి ఎన్ని ఉన్నాయి?"

చెట్టు మీద కాకి అరిచింది. హోలో కొడుకు మొహం చూసింది, పార చూసింది, మళ్లీ కొడుకు మొహం చూసింది. ఈ ఊళ్లో పుట్టి పెరిగిన మనిషికి కాలిన పార అంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు.

"ఒరే," అంది నెమ్మదిగా. "బంగారం ముద్దలు కొంటున్నావా?"

లుగోలా గింజల గిన్నెను పక్కకు జరిపాడు.

"అయితే మాత్రం ఏమైంది?" ఆవిడే అందుకుంది, కొడుకు తరఫున. "ఊళ్లో ఎవరు కాల్చట్లేదు? నాలుగు రాళ్లు మిగులుతాయని చేసుంటాడు. మగవాడికి ఇవన్నీ ఏం తెలుస్తాయి? పొగ పోయింది కదా అనుకుంటాడు. తెలియక చేసినదానికి చాప మీద పంచాయితీ పెడతావా?"

మింజా ఆవిడ చేతి వైపు చూసింది. ఉగాలి ముద్దను అందుకోబోతున్న ఆ వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. నాలుగు నెలలుగా టీ కప్పు సాసర్లో టకటకా కొట్టుకుంటుంటే, ముసలితనం అనుకున్నారందరూ.

"అత్తయ్యా, కబూలా తాగిన కుండలోవే మీరూ తాగారు. ఇలా చెయ్యి చాపి పట్టుకోండి."

హోలో చెయ్యి చాపింది. చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. తర్వాత దాన్ని రెండో చేత్తో పట్టుకుని ఒళ్లో పెట్టుకుంది. రెండో చెయ్యీ వణుకుతోంది.

"రేపు పొద్దున బస్సుకు పిల్లను మ్వాంజా పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నాను. ఈ సీసా కూడా తీసుకెళ్తున్నాను. ఎక్కడిదని డాక్టరు అడిగితే ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మీరు కూడా రండి అత్తయ్యా, రక్తం పరీక్ష చేస్తారు. ఎల్లుండి నేను బడికి వెళ్తాను. ఆ ఉత్తరం ఇక మీకు దొరకదు, దాంతో మీ పాదరసం ఎత్తాను." మింజా మొగుడి వైపు తిరిగింది. "తెలియక చేశారని అత్తయ్య అంటోంది. తెలియకపోతే నేను కూడా ఒప్పుకుంటాను. ఒక్కటే అడుగుతాను. పార మీద పొగ లేచేటప్పుడు మీరు ఎక్కడ నిలబడ్డారు?"

అతను నీళ్ల సీసా మూత తిప్పుతున్నాడు. తిప్పుతున్నాడు, బిగిస్తున్నాడు.

"చెప్పరా," అంది హోలో. ఆ గొంతు మింజా ఎప్పుడూ వినలేదు. "కోడలు అడిగింది. ఎక్కడ నిలబడ్డావు?"

లుగోలా సీసాను చాప మీద పెట్టాడు. మాట్లాడ్డం మొదలుపెట్టాక మధ్యలో ఆగలేదు.

"ఇక్కడే. ఈ చెట్టు కింద. పార నిప్పు మీద పెట్టి, తలుపు మూసి, ముక్కుకు గుడ్డ కట్టుకుని ఇక్కడికొచ్చి నిలబడేవాణ్ణి. షాపులో కాలిస్తే నలుగురి కళ్లు పడతాయి, బయట గాలికి మంట నిలవదు. వంటింట్లో నిప్పు ఎలాగూ నువ్వు రాజేసే ఉంచుతావు. ముద్దలమ్మేవాడు మొదటిరోజే చెప్పాడు, పొగ పీల్చకు, నరాలు పోతాయి అని. పిల్ల చెయ్యి వణకడం మొదలైన రోజే నాకు అర్థమైంది. ఇంకో నెల చేసి ఆపేద్దాం అనుకున్నాను. నువ్వు బడి మానేస్తే, బడి వల్లే జబ్బు చేసిందని ఊరు నమ్ముతుంది అనుకున్నాను. ఈ సీసా... ఈ నీళ్ల సీసా గొప్ప కోసం కాదు. పిల్ల చెయ్యి వణికిన ఆ రోజు నుంచి నేను మన కుండలో నీళ్లు తాగడం లేదు."